ఆర్గానిక్ ముద్ర బలం ల్యాబ్‌లో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది

ఆర్గానిక్ సర్టిఫికేషన్ ఫైళ్ళు తయారు చేసే పనిలో ఉన్నానని తెలియగానే ఎవరైనా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఆ ముద్ర వెయ్యాలంటే ల్యాబ్‌లో టెస్ట్ చేస్తారు కదా, పురుగుమందు అవశేషాలు లేవని తేలితేనే వేస్తారు కదా?" అని. కాదండీ అంటే మొహం అదోలా పెడతారు. ఇంకొంచెం వివరంగా చెప్పబోతే, అంటే టెస్ట్ కూడా చెయ్యకుండానే ముద్ర కొట్టేస్తారా, మరి అంత రేటు పెట్టి కొనడం దండగే కదా, అంతా మోసమే అన్నమాట, అని వాళ్ళే తీర్పు ఇచ్చేసి వెళ్ళిపోతారు. ప్రతిసారీ నిలబెట్టి మొత్తం చెప్పే ఓపిక ఉండట్లేదు, అందుకే ఒకసారి రాసి పడేస్తే తర్వాత ఎవరడిగినా లింకు పంపేయొచ్చని కూర్చున్నా. కాస్త పొడుగవుతుంది, సర్దుకోండి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. అమెరికాలో ఆర్గానిక్ చట్టం 1990లో చేశారు, దానికి రూల్స్ రాయడానికి పదేళ్ళు పట్టి 2000 డిసెంబర్‌లో బయటికొచ్చాయి, 2002 అక్టోబర్ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి. యూరప్ వాళ్ళు 1991లోనే 2092/91 నంబరుతో రెగ్యులేషన్ తెచ్చారు, దాన్ని మార్చి మార్చి ఇప్పుడు 2018/848 అనే దాని కింద నడుపుతున్నారు, అది 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇండియాకి ఎన్‌పీఓపీ అనే జాతీయ ఆర్గానిక్ కార్యక్రమం ఉంది. ఆహార ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ మార్గదర్శకాలు 1999లో వచ్చాయి. వీటిల్లో ఏది తిరగేసినా "ఈ సరుకులో మందు అవశేషం సున్నా" అనే హామీ ఎక్కడా కనపడదు. హామీ అంతా పండించిన పద్ధతి మీదే. ఈ నేలలో ఇన్నేళ్ళుగా నిషేధించినవి వెయ్యలేదు, విత్తనం ఇలాంటిది, ఎరువు ఇలాంటిది, కోసింది ఇలా, దాచింది ఇలా, మామూలు సరుకుతో కలవకుండా ఇలా జాగ్రత్త పడ్డాం, అంతే. అమెరికాలో అయితే పంట కోతకి ముందు 36 నెలలు ఆ నేల మీద నిషేధిత పదార్థం ఏదీ పడకూడదు. యూరప్‌లో ఏడాది పంటలకి విత్తడానికి ముందు రెండేళ్ళు, తోటల్లాంటి వాటికి మొదటి ఆర్గానిక్ కోతకి ముందు మూడేళ్ళు. ఈ కాలాన్ని కన్వర్షన్ అంటారు. రైతుకి నిజంగా నడుం విరిగేది ఇక్కడే, ఎందుకంటే దిగుబడి తగ్గుతుంది, ఖర్చులు మారతాయి, కానీ ఆర్గానిక్ రేటుకి అమ్ముకునే హక్కు ఇంకా రాదు.

సరే మరి ల్యాబ్ టెస్ట్ ఎందుకు పెట్టలేదు, అందరికీ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటారు. పెట్టారు, కానీ దాని పని చిన్నది. అమెరికా రూల్ ప్రకారం ఒక్కో సర్టిఫికేషన్ సంస్థ తన దగ్గరున్న వాళ్ళలో ఏటా కనీసం 5 శాతం మంది సరుకుకి శాంపిల్ తీసి టెస్ట్ చేయించాలి. యూరప్‌లో కూడా కనీసం 5 శాతం మంది దగ్గర శాంపిళ్ళు తియ్యాలి. ఇంతకు మించి చేసినా పట్టుకోలేనివి చాలా ఉన్నాయి. ఉదాహరణకి యూరియా. ఆర్గానిక్‌లో యూరియా వెయ్యకూడదు, అందరికీ తెలిసిందే. కానీ మొక్క యూరియాలో నైట్రోజన్ తీసుకున్నా పశువుల ఎరువులో నైట్రోజన్ తీసుకున్నా చివరికి గింజలో అదే నైట్రోజన్, ఇది దొంగ నైట్రోజన్ అని పేరు రాసుకుని రాదు. నైట్రోజన్‌లో తేలిక, బరువు రకాల (ఐసోటోపుల) నిష్పత్తి చూసి అనుమానించే పద్ధతి ఒకటుంది గానీ, పచ్చిరొట్ట వేసి గాలిలోంచి నైట్రోజన్ పట్టించిన రైతు పంట కూడా ఆ పరీక్షలో యూరియా వేసినట్టే కనపడొచ్చు. ఎరువే కాదు, పంట మొదట్లో కొట్టిన కలుపుమందు కోత నాటికి జాడ లేకుండా పోవచ్చు. ఇంకోపక్క, రైతు ఏ తప్పూ చెయ్యకపోయినా గాలివాటున పక్క పొలం నుంచి మందు వచ్చి పడి టెస్ట్‌లో దొరికిపోవచ్చు. అంటే ల్యాబ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దొంగ తప్పించుకోవచ్చు, నిజాయితీగా చేసేవాడు ఇరుక్కోవచ్చు.

ఇలాంటివి దృష్టిలో పెట్టుకునే అమెరికా వాళ్ళు ఒక గీత గీశారు, మామూలు సరుకుకి అనుమతించిన అవశేష పరిమితిలో 5 శాతం దాటితే అది ఇక ఆర్గానిక్ పేరుతో అమ్మకూడదు, దానికి లోపలైతే అమ్మొచ్చు, కాకపోతే ఎలా వచ్చిందో విచారించాలి. యూరప్‌లో మొత్తానికి కలిపి ఇలాంటి అంకె లేదు, అవశేషం దొరికితే ముందు విచారణ, అప్పటిదాకా సరుకు ఆపెయ్యడం, తర్వాత నిర్ణయం. కొన్ని దేశాలు సొంతంగా అంకె పెట్టుకున్నాయి, ఇటలీలో కిలోకి 0.01 మిల్లీగ్రాములు. ఒకే సరుకు సరిహద్దు ఒక పక్క ఆర్గానిక్, ఇంకో పక్క కాదు అయ్యే అవకాశం ఉందన్నమాట. నాకైతే అమెరికా పద్ధతే కాస్త నయం అనిపిస్తుంది, కనీసం గీత ఎక్కడుందో రైతుకి ముందే తెలుస్తుంది.

మరి ల్యాబ్ కాకపోతే చూసేదేంటి? ఒక తనిఖీ ఎలా జరుగుతుందో చెప్తా, నేను పక్కనే కూర్చుని చూసిందే. ఒక పెద్దాయన పొలానికి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చారు, పొలం చూపిస్తామని అందరూ ఉత్సాహంగా లేస్తే ఆవిడ ముందు షెడ్‌కి పదండి అన్నారు. షెడ్‌లో పైకి ఏమీ కనపడలేదు, అన్నీ శుభ్రంగా సర్దేసి ఉన్నాయి, తనిఖీ అని తెలిసినప్పుడు ఎవరైనా సర్దుతారు కదా. ఆవిడ మూలకి వెళ్ళి ఖాళీ సంచుల కట్ట విప్పి ఒక్కోటీ తిరగేసి చూశారు, ఏ కంపెనీ సంచి, లోపల ఏముండేది అని. మేకుకి తగిలించి ఉన్న స్ప్రేయర్ తీసి మూత విప్పి వాసన చూశారు.

"ఇది మీదేనా?"

"పక్క పొలం వాళ్ళది మేడమ్, నాది పాడైతే అడిగి తెచ్చుకున్నా."

"వాళ్ళు దీంతో కలుపుమందు కొడతారా?"

పెద్దాయన నా వైపు చూశాడు. నేనేం మాట్లాడాలి. "కొడతారు మేడమ్, కానీ నేను కడుక్కునే వాడుకున్నా" అన్నాడు. "కడిగినట్టు ఎక్కడైనా రాసుకున్నారా?" రాసుకోలేదు. ఎవరు రాసుకుంటారు చెప్పండి స్ప్రేయర్ కడిగినట్టు? కానీ రిపోర్ట్‌లో అది ఒక లోపంగా ఎక్కింది, ఇన్ని రోజుల్లో సరిచేసినట్టు ఆధారం చూపించండి అని. ఆయనకి కోపం వచ్చింది, నాకూ లోపల వచ్చింది గానీ ఆలోచిస్తే ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు, అదే స్ప్రేయర్ తర్వాత ఆయన పంట మీదకే పోతుంది.

తర్వాత పొలం గట్టు మొత్తం తిరిగారు. ఆవిడ పంటని పెద్దగా చూడలేదు, గట్టు అవతల ఏం వేశారు, వాళ్ళు మందు ఎప్పుడు కొడతారు, గాలి ఎటు నుంచి వస్తుంది, నీళ్ళు ఏ వైపు నుంచి పారతాయి, పక్క పొలానికీ దీనికీ మధ్యలో అడ్డుగా వదిలిన పట్టీ, అదే బఫర్, ఎన్ని అడుగులు, ఆ బఫర్‌లో పండింది ఎక్కడ పెట్టారు, ఇవే. గట్టు పొడుగునా గడ్డి ఒకచోట మాత్రం పసుపు రంగులో ఎండిపోయి ఉంటే అక్కడ ఆగి ఫోటో తీశారు. కొడవలితో కోసిన గడ్డి అలా ఎండదు, మొదలంటా సమానంగా మాడిపోతే కలుపుమందు పడిందని అనుమానం. ఆ ముక్క అవతలివాళ్ళ వైపుకే ఉందని తేలింది గానీ ఆవిడ కన్ను ఎక్కడ ఆగుతుందో చూస్తే ముచ్చటేసింది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది, బల్ల దగ్గర. అమ్మిన బిల్లుల కట్టలోంచి ఒకటి లాగి, ఈ లాట్, అంటే ఈ విడత సరుకు, ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి చూపించండి అన్నారు. బిల్లు మీద లాట్ నంబర్, ఆ నంబర్ గోడౌన్ రిజిస్టర్‌లో ఏ తారీఖున ఎంత తూకంతో చేరింది, అది ఏ ముక్క పొలంలోంచి వచ్చింది, ఆ ముక్కలో ఎప్పుడు విత్తారు, విత్తనం బిల్లు ఏది, ఏం ఎరువు వేశారు, దాని బిల్లు ఏది. గొలుసు ఎక్కడా తెగకూడదు. అది అయ్యాక మాస్ బ్యాలెన్స్. పేరు పెద్దగా ఉంది గానీ చాలా చిన్న లెక్క, మొదట ఉన్న నిల్వ, పండింది, బయట కొన్నది కూడితే ఎంతో, అమ్మింది, మిగిలింది, తరుగు కూడితే అంతే రావాలి. ఆ పైన ఇంకో ప్రశ్న, ఈ విస్తీర్ణంలో ఈ పంట ఇంత దిగుబడి రావడం సాధ్యమేనా? ఎకరానికి మహా అయితే టన్ను వచ్చే చోట వంద ఎకరాల రైతు మూడు వందల టన్నుల ఆర్గానిక్ అమ్మితే ఆ అదనపు రెండు వందల టన్నులు ఆకాశంలోంచి ఊడిపడవు. ల్యాబ్ పట్టుకోలేని దొంగతనాన్ని కాలిక్యులేటర్ పట్టుకుంటుంది. నేను ఈ పోస్టు రాస్తున్నదే ఈ ఒక్క మాట చెప్పడానికి.

ఇంకో సంగతి, చూసి వెళ్ళిన మనిషి సర్టిఫికెట్ ఇవ్వరు. ఆవిడ రిపోర్ట్ రాస్తారు, ఆఫీసులో ఇంకొకరు దాన్ని చదివి నిర్ణయం తీసుకుంటారు. లోపం ఎలా సరిదిద్దుకోవాలో సలహా కూడా ఇన్‌స్పెక్టర్ ఇవ్వకూడదు, సలహా ఇచ్చేవాడూ తనిఖీ చేసేవాడూ ఒకరే అయితే తన సలహాకి తనే మార్కులు వేసుకోవాల్సి వస్తుంది కాబట్టి. రైతులకి ఇది అస్సలు నచ్చదు, తప్పు చెప్పి దారి చెప్పకపోతే ఎలాగండీ అంటారు. నాలాంటి వాళ్ళకి పని దొరికేది ఆ సందులోనే అనుకోండి.

లెక్క చూడకపోతే ఏమవుతుందో అమెరికాలో జరిగినవాటితో అర్థమవుతుంది. మిస్సోరికి చెందిన ఒక ధాన్యం వ్యాపారి మీద అయోవాలో కేసు నడిచింది, 2010 నుంచి 2017 దాకా మామూలు మొక్కజొన్న, సోయా వగైరా ఆర్గానిక్ పేరుతో అమ్మాడు, అమ్మకాల మొత్తం 14 కోట్ల 20 లక్షల డాలర్ల పైనే. 2019 ఆగస్టులో పదేళ్ళకి పైగా శిక్ష పడింది. ఆయన దగ్గర సర్టిఫైడ్ పొలాలు లేవా అంటే ఉన్నాయి, చేతిలో సర్టిఫికెట్ నిజమైనదే. ఆ కాగితం చాటున బయటి సరుకు పోయింది. రెండోది 2017లో పత్రికల్లో వచ్చింది, ఉక్రెయిన్ నుంచి టర్కీ మీదుగా కాలిఫోర్నియాకి వచ్చిన ఓడలో 3 కోట్ల 60 లక్షల పౌండ్ల సోయా, బయల్దేరినప్పుడు మామూలు సరుకు, దిగేసరికి ఆర్గానిక్. విషయం బయటపడేసరికి సగానికి పైగా సరుకు కొన్నవాళ్ళకి వెళ్ళిపోయింది. ఓడలో గింజకి ఏమీ కాలేదు, మారింది కాగితాలే.

ఇందులో చిరాకేంటంటే అప్పటి రూల్స్‌లో మధ్యలో కొని అమ్మే బ్రోకర్లు, ట్రేడర్లలో చాలామందికి అసలు సర్టిఫికేషనే అక్కర్లేదు. స్ప్రేయర్ కడిగినట్టు రాసుకోని పెద్దాయనకి లోపం రాస్తారు, సరుకు చూడకుండా కాగితాల మీద ఓడలు ఓడలు చేతులు మార్చేవాడి గుమ్మం తొక్కేవాడు లేడు. ఆ కన్నం పూడ్చడానికే 2023 జనవరిలో స్ట్రెంతెనింగ్ ఆర్గానిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అనే రూల్ తెచ్చారు, 2024 మార్చి 19 నుంచి తప్పనిసరి. బ్రోకర్లలో ఎక్కువమంది సర్టిఫికేషన్ పరిధిలోకి వచ్చారు, దిగుమతయ్యే ప్రతి సరుకుకీ ఎలక్ట్రానిక్ ఇంపోర్ట్ సర్టిఫికెట్ ఉండాలి, ఏటా తనిఖీలో మాస్ బ్యాలెన్స్, లాట్ వెనక్కి తవ్వడం రెండూ చెయ్యాల్సిందే, ఏటా కనీసం 5 శాతం మందికి చెప్పాపెట్టకుండా తనిఖీ, మోసం జరక్కుండా ఏం చేస్తున్నారో ప్లాన్‌లో రాసివ్వాలి. చూస్తే అన్నీ లెక్కల పనులే, ఒక్కటి కూడా కొత్త ల్యాబ్ పరీక్ష కాదు. చట్టం వచ్చిన ముప్పై ఏళ్ళకి గానీ ఈ తెలివి రాలేదు.

ఇక అందరూ లేవనెత్తే పాయింటు, నేనూ ఒప్పుకునే పాయింటు. తనిఖీ చేసే సంస్థకి ఫీజు కట్టేది ఎవరు? తనిఖీ చేయించుకునేవాడే. పరీక్ష రాసేవాడే ఇన్విజిలేటర్‌కి జీతం ఇచ్చినట్టు. గట్టిగా పట్టుకునే సంస్థ దగ్గర్నుంచి రైతులు, కంపెనీలు లేచి పక్క సంస్థకి వెళ్ళిపోవచ్చు, అలా వెళ్ళేవాళ్ళని నా కళ్ళారా చూశా, ఒక సంస్థ ఆఫీసులోనైతే "కాస్త చూసీచూడనట్టు పోతే మీకే నాలుగు రైతు గ్రూపులు ఎక్కువొస్తాయి" అన్న మాట నా చెవులారా విన్నా. దీనికి విరుగుడుగా పెట్టిందే అక్రెడిటేషన్, అంటే తనిఖీ చేసేవాళ్ళని ప్రభుత్వం తనిఖీ చెయ్యడం. సర్టిఫికేషన్ సంస్థలు ఎలా పనిచెయ్యాలో చెప్పే ఐఎస్ఓ 17065 లాంటి ప్రమాణాలు ఉంటాయి, ఆడిట్లు ఉంటాయి, తప్పు దొరికితే సంస్థ లైసెన్స్ ఊడుతుంది. కానీ అక్కడ కూడా ఆడిటర్ చూసేది ఎక్కువగా ఫైళ్ళే.

వేరే దారి లేదా అంటే ఉంది. డెన్మార్క్‌లో 1987లోనే ఆర్గానిక్ చట్టం చేశారు, 1989లో ఎర్ర రంగు ప్రభుత్వ ముద్ర తెచ్చారు, అక్కడ పొలాల తనిఖీ ప్రభుత్వమే చేస్తుంది. అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాల వ్యవసాయ శాఖలు సర్టిఫికెట్లు ఇస్తాయి, వాషింగ్టన్ రాష్ట్రం ఒకటి. ప్రభుత్వం చేస్తే లంచం ఉండదా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. ఉండొచ్చు. కానీ కస్టమర్ పోతాడేమో అన్న భయం ఉండదు, రెండు జబ్బుల్లో ఆ రెండోదే నాకు ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది, ఎందుకంటే లంచం తీసుకుంటే నేరం, కస్టమర్‌ని కాపాడుకుంటే అది వ్యాపారం.

దేశానికీ దేశానికీ మధ్య నమ్మకం ఇంకో కథ. ఒక దేశం రూల్స్ మా రూల్స్‌తో సమానమే అని ఇంకో దేశం ఒప్పుకోవచ్చు, లేదా మీ దేశంలో సర్టిఫికేషన్ సంస్థలని మా తరఫున మీరే చూసుకోండి అని అప్పజెప్పొచ్చు. ఇండియా విషయంలో అమెరికా ఆ రెండో రకం ఒప్పందం పెట్టుకుని 2021 జనవరిలో ఇక వద్దని ప్రకటించింది, పద్దెనిమిది నెలలు గడువిచ్చి 2022 జూలైతో ముగించేసింది. అప్పట్నుంచి అక్కడికి పంపాలంటే అమెరికా నేరుగా గుర్తించిన సంస్థ దగ్గరే సర్టిఫికెట్ తీసుకోవాలి. యూరప్ కూడా కొత్త రెగ్యులేషన్‌తో, బయటి దేశాల్లో పనిచేసే సంస్థలకి "దాదాపు మా రూల్స్ లాంటివే పాటిస్తున్నాం" అంటే చాలదు, మా రూల్స్ అక్షరాలా పాటించాలి అంది. దీని దెబ్బ నేరుగా తగిలింది చిన్న రైతుల గ్రూపులకి.

గ్రూపుల సంగతి కొంచెం చెప్పాలి, నా పని అక్కడే కాబట్టి. ఎకరం రెండెకరాలున్న రైతు ఒక్కడే సర్టిఫికేషన్ ఫీజు కట్టలేడు. అందుకని వందలమంది కలిసి ఒక గ్రూపు, వాళ్ళల్లో వాళ్ళే ఒక తనిఖీ వ్యవస్థ పెట్టుకుంటారు, ఏటా ప్రతి సభ్యుడి పొలాన్నీ ఆ లోపలి మనుషులు చూస్తారు, బయట నుంచి వచ్చిన సంస్థ ఆ వ్యవస్థ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూసి, కొంతమంది పొలాలకి మాత్రం తనే వెళ్తుంది. ఆ కొంతమంది ఎంతమంది అంటే చాలాకాలం వర్గమూలం లెక్క నడిచింది, 400 మంది ఉంటే 20 మంది. గ్రూపు పెరిగేకొద్దీ ఈ లెక్కలో వాటా పడిపోతుంది, 10,000 మందికి వందమందే. యూరప్ కొత్త రూల్‌లో ఏటా కనీసం 5 శాతం మందిని చూడాలి, గ్రూపులో 2,000 మందికి మించకూడదు, గ్రూపు తన పేరు మీద చట్టబద్ధమైన సంస్థ అయ్యుండాలి, సభ్యుల భూమి 5 హెక్టార్లు మించకుండా లేదా ఆదాయం ఒక పరిమితి లోపల ఉండేలా షరతులు. ఉద్దేశం మంచిదే, ఎందుకంటే కంపెనీయే గ్రూపు పెట్టి, కంపెనీయే లోపలి తనిఖీ చేసి, కంపెనీయే సరుకు కొని, రైతుకి తను ఆర్గానిక్ గ్రూపులో ఉన్నానన్న సంగతే తెలియని కేసులు ఉండేవి. కానీ సంస్థ రిజిస్టర్ చేయించడం, దానికి అకౌంట్లు, సంతకాలు, మీటింగులు, ఇవన్నీ ఒక్క దెబ్బలో నెత్తిన పడితే రాయడం చదవడం రాని సభ్యులున్న గ్రూపు ఎలా తట్టుకుంటుంది, దాని గురించి రూల్ రాసినవాళ్ళు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఎగుమతి లేకుండా దగ్గర్లోనే అమ్ముకునేవాళ్ళకి పీజీఎస్ అని ఇంకో పద్ధతి ఉంది, రైతులు ఒకరి పొలం ఒకరు చూసుకుని, కొనేవాళ్ళని కూడా కలుపుకుని హామీ ఇచ్చుకోవడం. బ్రెజిల్ 2003 చట్టంతో దీనికి గుర్తింపు ఇచ్చింది, ఇండియాలో కూడా ప్రభుత్వం నడిపే పీజీఎస్ ఉంది. పక్క పొలం వాడికి తెలియని రహస్యం ఉండదు కాబట్టి బయటి ఇన్‌స్పెక్టర్ కంటే బాగా పట్టుకుంటారు అంటారు. పట్టుకుంటారు, చెప్తారా అన్నదే ప్రశ్న, రేపు పొద్దున మళ్ళీ అదే గట్టు మీద ఎదురుపడాలి కదా. అమెరికాలో అయితే ఏడాదికి 5,000 డాలర్ల లోపు ఆర్గానిక్ అమ్మకాలున్నవాళ్ళకి సర్టిఫికెట్ మినహాయింపే ఇచ్చారు, రూల్స్ పాటించాలి, ఆర్గానిక్ అని చెప్పుకోవచ్చు, ప్రభుత్వ ముద్ర మాత్రం వాడకూడదు.

ఇంతకీ ఏది వెయ్యొచ్చు ఏది వెయ్యకూడదు అనేది ఎవరు తేలుస్తారు? ప్రకృతి నుంచి వచ్చిందంతా ఓకే, ఫ్యాక్టరీలో తయారైందంతా వద్దు అని చాలామంది అనుకుంటారు, అలా ఉండదు. ఆర్సెనిక్, స్ట్రిక్నిన్ అనే విషం, పొగాకు పొడి ప్రకృతివే, అమెరికా ఆర్గానిక్‌లో నిషేధం. రాగి మందులు ఆర్గానిక్‌లో వాడొచ్చు, కానీ రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి యూరప్ ఏడేళ్ళలో హెక్టారుకి 28 కిలోలు దాటొద్దని కట్టడి పెట్టింది. మట్టి లేకుండా నీళ్ళలో పెంచే హైడ్రోపోనిక్స్‌కి అమెరికాలో ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇస్తున్నారు, యూరప్‌లో ఇవ్వరు, నేలతో సంబంధం లేనిది ఆర్గానిక్ ఎలా అవుతుందని వాళ్ళ వాదన, నా ఓటు వాళ్ళకే. అమెరికాలో ఆర్గానిక్ రూల్స్ మీద సలహా ఇచ్చే బోర్డు 2016లో కరాజినాన్ అనే సముద్రపు నాచు పదార్థాన్ని అనుమతించినవాటి జాబితాలోంచి తీసెయ్యమని ఓటేస్తే 2018లో వ్యవసాయ శాఖ కుదరదని ఉంచేసింది. అంతకన్నా పెద్ద గొడవ 1997 డిసెంబర్‌లో జరిగింది, అమెరికా రూల్స్ మొదటి ముసాయిదాలో జన్యుమార్పిడి పంటలు, రేడియేషన్ పెట్టిన ఆహారం, మురుగునీటి బురద ఎరువు, ఈ మూడింటికీ తలుపు తెరిచి పెట్టారు. జనం 2,75,000కి పైగా ఉత్తరాలు, కామెంట్లు పంపారు, మూడూ తీసెయ్యక తప్పలేదు. ఈ రోజు ఆర్గానిక్ అంటే జన్యుమార్పిడి లేనిదే కదా అని మనం అంత ధీమాగా అంటున్నామంటే ఆ కామెంట్లు రాసినవాళ్ళ చలవే.

కొనేవాళ్ళు ఏం చూడాలో చెప్పి ఆపేస్తా. పాకెట్ మీద ఆకు బొమ్మ, నేచురల్, కెమికల్ ఫ్రీ, స్వచ్ఛం, ఇలాంటివాటికి ఆర్గానిక్ రూల్స్‌తో సంబంధం లేదు. వెతకాల్సింది సర్టిఫై చేసిన సంస్థ పేరు లేదా కోడ్. యూరప్ ముద్ర దగ్గర దేశం అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది, సరుకు యూరప్‌లో పండిందా బయట పండిందా అని కూడా అక్కడే రాయాలి. అమెరికా లేబుల్‌లో సంస్థ పేరు ఉండాల్సిందే. చాలా దినుసులు కలిపి చేసిన పదార్థమైతే, ఆర్గానిక్ అని ముద్ర వెయ్యాలంటే కనీసం 95 శాతం దినుసులు ఆర్గానిక్ కావాలి, 70 శాతం దాటితే అమెరికాలో "ఆర్గానిక్ దినుసులతో చేసినది" అని రాసుకోవచ్చు గానీ ముద్ర ఉండదు. ఆ సన్న అక్షరాలు చదవండి.

అమ్మేవాడు సర్టిఫికెట్ జిరాక్స్ చూపిస్తే దాన్ని నమ్మి ఊరుకోవద్దు. అమెరికా సర్టిఫికెట్‌కి గడువు తేదీ అంటూ ఉండదు, రద్దు చేసేదాకా లేదా వాళ్ళే వదులుకునేదాకా నడుస్తుంది, కాబట్టి పాత తేదీ కాగితం చెల్లొచ్చు, నిన్న రద్దయిన కాగితం ఇంకా గోడకి మెరుస్తూ ఉండొచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ ఆర్గానిక్ ఇంటెగ్రిటీ డేటాబేస్ ఎవరైనా ఓపెన్ చేసి పేరు కొట్టి చూడొచ్చు, సస్పెండ్ అయినవాళ్ళు, సరెండర్ చేసినవాళ్ళు కూడా అందులో కనపడతారు. సర్టిఫికెట్‌లో ఏ పంటలు రాసి ఉన్నాయో కూడా చూడండి, ఒక పంటకి తీసుకున్న కాగితంతో పది పంటలు అమ్మేవాళ్ళు ఉంటారు. నా కోరికల్లా ఆ డేటాబేసుల్లో ఇంకో రెండు గడులు తప్పనిసరి చెయ్యమనే, ఆ రైతు లేదా కంపెనీ దగ్గర ఏ పంటకి ఎంత సర్టిఫైడ్ విస్తీర్ణం ఉంది, నిరుడు దాన్ని ఆర్గానిక్ పేరుతో ఎన్ని టన్నులు అమ్మారు. వ్యాపార రహస్యం అని కంపెనీలు ఒప్పుకోవు, తెలుసు. కనీసం విస్తీర్ణం ఒక్కటైనా పెడితే, టన్నుల లెక్క కొనే వ్యాపారులు వాళ్ళ బిల్లులు చూసుకుని వాళ్ళే వేసుకుంటారు.